తుక్కు యార్డులోకి తనిఖీ రానివ్వండి

తన తుక్కు బయటికి పోకుండా యూరప్ గడియలు బిగిస్తుంటే, దాన్ని పర్యావరణ పరిరక్షణ అంటూ మెచ్చుకున్న రాతలు ఈ వారం వరసగా కంటపడ్డాయి. నాకు మింగుడు పడలేదు. 2024 మేలో అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ వ్యర్థాల రవాణా చట్టం ప్రకారం, 2027 మే 21 నుంచి ఓఈసీడీలో (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థలో) లేని దేశానికి వ్యర్థాల కింద లెక్కపడే పాత ఇనుము, రాగి, అల్యూమినియం పంపాలంటే ఆ దేశం ముందే దరఖాస్తు పెట్టుకుని ఆమోదిత జాబితాలోకి ఎక్కి ఉండాలి. ఏటా సుమారు 2 కోట్ల టన్నుల ఇనుప తుక్కు కొనే తుర్కియే ఓఈసీడీ సభ్యదేశం కాబట్టి దానికి ఈ జాబితాతో పనిలేదు. సభ్యత్వం లేని భారత్‌కు, అంటే మనకు, ఉంది. ఒకే రకం కొలిమి, ఒకే రకం సరుకు, అయినా ఒకరికి దారి తెరిచి ఇంకొకరిని గుమ్మంలో నిలబెట్టడంలో పర్యావరణం పాత్ర ఎంత అని అడగడం న్యాయమే.

అసలు కథ ముడిసరుకుది. ఒక టన్ను తుక్కు కరిగిస్తే దాదాపు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు మిగులుతాయనీ, టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆగుతుందనీ ప్రపంచ ఉక్కు సంఘం లెక్క. అల్యూమినియం అయితే ఖనిజం నుంచి తీయడానికి అయ్యే శక్తిలో 95 శాతం ఆదా. బొగ్గు కొలిములు మూసి విద్యుత్ కొలిములు పెట్టుకోవాలనుకునే దేశానికి రేపటి గని ఈ పాత ఇనుమే. అందుకే ఎవరికి వారు పట్టి ఉంచుకుంటున్నారు. దక్షిణాఫ్రికా 2022 చివర్లో తుక్కు ఎగుమతిని నిషేధించింది. 2025లో అమెరికా అల్యూమినియం మీద సుంకాన్ని 50 శాతానికి పెంచి, తుక్కును మాత్రం మినహాయించింది. దాంతో యూరప్ తుక్కు అట్లాంటిక్ దాటడం మొదలైంది, దాన్ని ఆపే మార్గాలను బ్రస్సెల్స్ వెతకడమూ మొదలైంది. గాలి, నీరు మాత్రమే వాళ్ల చింత అయితే అమెరికా వెళ్లే సరుకు గురించి బెంగ దేనికి?

ఇక్కడ నా పాత పాటే మళ్లీ పాడాలి. ఈ కాలమ్ చదివేవారికి అది కొత్త కాదు. తుక్కు విలువ కొలిమిలో పుట్టదు, వేరుచేసే చేతిలో పుడుతుంది. ఉక్కులో కలిసిపోయిన రాగిని మామూలు కొలిమి బయటికి తీయలేదు. 0.2, 0.3 శాతం దాటితే ఎర్రగా కాగిన ఉక్కును సాగదీసేటప్పుడు పైపొర పగుళ్లిస్తుంది. ఇళ్లకు వాడే కడ్డీ దాన్ని కొంత ఓర్చుకుంటుంది, కారు పైరేకు ఓర్చుకోదు. మోటారు లోపలి తీగచుట్టను ముందే ఊడదీసిన మనిషే ఆ పగులును ఆపినవాడు. అయస్కాంతం, ఆకురాయి, సానరాతి మీద రాలే నిప్పురవ్వల రంగు, చేతికి తెలిసే బరువు, ఇవే అతని పనిముట్లు. తంతివార్తకు మాటకింత అని ఖర్చయ్యే రోజుల్లో అమెరికా వర్తకులు పెట్టుకున్న సంకేత నామాలు నేటికీ బేరాల్లో నడుస్తున్నాయి. మెరిసే రాగితీగ ‘బార్లీ’, పసుపు ఇత్తడి ‘హనీ’, కార్లను తురిమాక మిగిలే అల్యూమినియం కలగలుపు ‘జోర్బా’. ఒక్క మాట పంపితే సముద్రం అవతలివాడికి ఏ సరుకో, అందులో ఎంత మలినం ఒప్పుదలో తెలిసిపోయేది. ఆ కలగలుపును ఏళ్లతరబడి చేత్తో విడదీసిన దేశం చైనా. 2018 చివర విప్పదీయాల్సిన రకం తుక్కును అది పూర్తిగా నిషేధించింది, 2020 నవంబరు నుంచి శుభ్రమైన రాగి, ఇత్తడి, అల్యూమినియాన్ని ముడిసరుకు హోదాతో రానిచ్చింది. మారిన సంగతి ఒకటే, వేరుచేసే పని గట్టుకు అవతలే ముగిసి రావాలి. మిగిలిన కలగలుపు మలేసియాకూ మన రేవులకూ దారి మళ్లింది. యూరప్ చట్టంలోనూ ఇదే సూత్రం దాగి ఉంది. ప్రమాణాల మేరకు శుభ్రపడిన ఇనుము, అల్యూమినియం, రాగి అక్కడ వ్యర్థాల లెక్కలోకి రావు, వాటికి ఈ జాబితా అడ్డూ లేదు.

ఇంతవరకూ చదివితే యూరప్ మీద కత్తి దూస్తానని అనిపించవచ్చు. కానీ అదే చట్టంలో ఇంకో షరతు ఉంది. సరుకు అందుకునే యార్డు దాన్ని మనుషులకూ నేలకూ హాని లేకుండా శుద్ధి చేస్తోందని స్వతంత్ర తనిఖీదారు తేల్చాలి. ఈ ఒక్క షరతు కోసం మిగతా చట్టం స్వార్థాన్ని సహించవచ్చని నా అభిప్రాయం. 2004లో ఘజియాబాద్ దగ్గర ఒక కర్మాగారంలో, దిగుమతి తుక్కులో వచ్చిన ఫిరంగి గుండ్లు పేలి కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత ఓడెక్కకముందే తనిఖీ పత్రం ఉండాలన్నాం. 2010లో ఢిల్లీ మాయాపురి యార్డులో కోబాల్ట్-60 ఒక కార్మికుణ్ణి బలి తీసుకుంది. అది విదేశీ సరుకు కాదు, ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పరిశోధన యంత్రం. ఓడలో వచ్చిన దానికి పత్రం అడిగాం, ఊళ్లో దొరికిన దాన్ని పరీక్ష లేకుండా సుత్తెల కింద పెట్టాం. ప్రమాదం సరుకు పుట్టిన దేశంలో లేదు, యార్డు గేటు దగ్గర పరీక్ష లేకపోవడంలో ఉంది.

పరాయి తనిఖీదారు మన యార్డులోకి రావడం పరువు తక్కువ అంటారు. ఆంధ్ర తీరపు రొయ్య యూరప్ చేరాలంటే యాంటీబయాటిక్ పరీక్ష దాటాలి. అందువల్ల రైతు పరువేమీ పోలేదు. దీనికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. తనిఖీ ఖర్చు పెద్ద కంపెనీ మోస్తుంది, దిగుమతి ఇత్తడి తుక్కు మీద బతికే జామ్‌నగర్ చిన్న కొలిమి మోయలేదు. ఇది నిజం, తేలిగ్గా కొట్టేయలేం. రేడియేషన్ కొలిచే పరికరం, లోహం రకం చెప్పే ఎక్స్‌రే తుపాకీ, పొగ పట్టే ఏర్పాటు ఒక్కొక్కరూ కొనుక్కోమంటే సగం షెడ్లు మూతపడతాయి, సరుకు అంతకంటే చీకటి షెడ్లకు చేరుతుంది. కాబట్టి ఆ ఖర్చు పారిశ్రామికవాడ ఉమ్మడిగా భరించాలి, ప్రభుత్వం పాలు పంచుకోవాలి. రాగి, ఇనుప తుక్కు మీద సుంకం రాయితీలు ఇచ్చిన ఖజానాకు ఒక ఉమ్మడి ప్రయోగశాల బరువు కాదు. 2019 ఉక్కు తుక్కు విధానం పాత వాహనాలు విప్పే కేంద్రాల గురించి వివరంగా మాట్లాడింది. వీధి చివరి షెడ్డులో చేత్తో తీగ ఒలిచేవాడికి అలాంటి చోటు ఇంకా దక్కలేదు. 2027 గడువు కోసం యూరప్ కంటైనర్లు దిగే యార్డులను మాత్రమే సిద్ధం చేసి ఊరుకుంటే మాయాపురి లాంటి చోట్లు మళ్లీ లెక్కలోకి రావు. విశ్వవిద్యాలయమైనా, ఆసుపత్రి అయినా, ప్రభుత్వ కర్మాగారమైనా పాత యంత్రాన్ని వేలం వేసేముందు రేడియేషన్ పరీక్ష పత్రం జతచేయాలి, కొన్న యార్డు తూకం వేసేముందు దాన్ని సరిచూడాలి. ఈ నియమం దేశీ సరుకుకే ముందు రావాలి.