ప్యాకెట్ వడపోత విద్య: దోషం ఎక్కడుందో చెప్పగల నేర్పు

నెట్‌వర్క్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న చిన్న భాగాలుగా ప్రయాణిస్తుంది. ఆ ప్రవాహంలోంచి కావలసిన ప్యాకెట్లను మాత్రమే ఎంచి పట్టుకోవడానికి రాసే నియమాన్ని క్యాప్చర్ ఫిల్టర్ అంటారు. నియమం రాయడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలరు గానీ, పట్టుబడిన ప్యాకెట్లు సున్నా అని తెర చెప్పినప్పుడు అసలు ప్యాకెట్టే రాలేదా, వచ్చినా ఫిల్టర్ దానిని గుర్తించలేదా అని తేల్చి చెప్పగలగడమే ఈ విద్యకు గీటురాయి. ఈ నేర్పు కలిగిన ఇంజినీరు గంటలో ముగించే పనికి, అది లేని బృందం రోజులు వెచ్చించి చివరకు ఏ దోషమూ లేని రౌటర్‌ను మార్చి కూర్చుంటుంది.

ఈ సంప్రదాయానికి మూలాలు 1980లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ప్యాకెట్ ఫిల్టర్‌లో ఉన్నా, దానికి శాస్త్ర గౌరవం తెచ్చిన ఘనత కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలదే. టీసీపీడంప్ అనే పరికరాన్ని ఆ ప్రయోగశాలకు చెందిన వాన్ జేకబ్‌సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకాన్ రూపొందించారు. 1993లో మెకాన్, జేకబ్‌సన్ ప్రకటించిన బీఎస్‌డీ ప్యాకెట్ ఫిల్టర్, అంటే బీపీఎఫ్, ఈ రంగంలో మహాకృతి అనదగినది. పాత ఫిల్టర్లు ప్రతి గణననూ స్టాక్ అనే దొంతర మీద వేసి తీసే పద్ధతిలో నడిచేవి. ఆ పద్ధతిని వదిలి ఒక ప్రధాన రిజిస్టరు, ఒక సూచిక రిజిస్టరు, కొద్దిపాటి స్మృతి మాత్రమే గల ఊహాయంత్రాన్ని కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో, ప్రతిష్ఠించి, పాత రూపకల్పనను మించి 20 రెట్ల వరకు వేగం సాధించిన ఆ ఇద్దరి ప్రతిభను ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆ యంత్రంలోని ఆజ్ఞలు ముందుకే దూకగలవు గానీ వెనక్కి మళ్లలేవు కనుక ఏ ఫిల్టరూ అంతులేని చక్రంలో చిక్కుకోదు. ఇంత చిన్న నిబంధనతో ఇంతటి భద్రతను సాధించిన రచనలు కంప్యూటర్ శాస్త్రంలో అరుదు.

ఈ యంత్రానికి హోస్టులు, పోర్టులు అన్న పేర్లు తెలియవు, బైట్ల స్థానాలే తెలుసు. టీసీపీ పోర్ట్ 80 అని రాస్తే, లిబ్‌పీక్యాప్ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీ దానిని ఆజ్ఞల వరుసగా మారుస్తుంది. సున్నా నుంచి లెక్కిస్తే ఈథర్‌నెట్ ఫ్రేములో 12వ బైటు దగ్గర పదహారాధార సంఖ్య 0800 ఉందా, అంటే అది ఐపీ నాలుగో సంచిక (ఐపీవీ4) ప్యాకెట్టేనా అని ఆ ఆజ్ఞలు చూస్తాయి. ఉంటే 23వ బైటులో టీసీపీని సూచించే 6 ఉందా అని, ఆ తర్వాత ప్యాకెట్ మరో ప్యాకెట్ శకలమా అని పరీక్షిస్తాయి. చివరకు 14వ బైటులో దాగిన హెడర్ పొడవును లెక్కగట్టి, పోర్టు సంఖ్య ఉండే చోటికి చేరుకుంటాయి. టీసీపీడంప్‌కు డి అనే ఐచ్ఛికాన్ని జోడిస్తే ఈ ఆజ్ఞల పట్టిక యథాతథంగా తెర మీదకు వస్తుంది. దానిని చదవగలగడమే ఈ విద్యకు అక్షరాభ్యాసం. రాసినవాడు అడిగాననుకున్నదేమిటో, యంత్రం నిజంగా అడిగినదేమిటో ఆ పట్టికలో పక్కపక్కనే తేటతెల్లమవుతాయి.

నిపుణుల నేర్పు వీల్యాన్ దగ్గర బాగా తెలుస్తుంది. ఒకే తీగ మీద అనేక నెట్‌వర్కులను వేరుచేసి నడపడానికి ఫ్రేములో చొప్పించే 4 బైట్ల గుర్తును వీల్యాన్ ట్యాగ్ అంటారు. ఆ గుర్తు ఫ్రేములో ఉంటే 12వ బైటు దగ్గర 0800 బదులు 8100 కనిపిస్తుంది, ఆ వెనుక ఉన్నవన్నీ 4 బైట్లు జరుగుతాయి, అందువల్ల మామూలు ఫిల్టర్ ఆ ప్యాకెట్టును తిరస్కరిస్తుంది. ఫిల్టర్‌లో వీల్యాన్ అనే పదం చేర్చితే, ఆ పదానికి తర్వాత వచ్చే పరీక్షలన్నీ జరిగిన స్థానాల్లోనే చూస్తాయి. ముందున్నవి మాత్రం పాత స్థానాల్లోనే చూస్తాయి. కనుక వీల్యాన్ అండ్ పోర్ట్ 80 అన్న వరుస ఫలిస్తుంది, అవే పదాలను తారుమారు చేస్తే ఫలించదు. దీనికి తోడు లైనక్స్‌లో ఈ గుర్తును ప్యాకెట్ నుంచి విడదీసి పక్కన భద్రపరచడం, ఫైలులోకి రాసేటప్పుడు తిరిగి చొప్పించడం ఉంది కనుక, ప్రత్యక్ష ప్రవాహం మీదా, దాచిన ఫైలు మీదా ఒకే ఫిల్టర్‌ను నడిపి రెండింటి ఆజ్ఞల పట్టికలనూ పోల్చి చూడటం సిద్ధహస్తుల అలవాటు.

శకలాల సంగతి ఇంకా సూక్ష్మమైనది. పెద్ద ప్యాకెట్ ముక్కలైనప్పుడు పోర్టు సంఖ్య మొదటి ముక్కలోనే ఉంటుంది కాబట్టి, పోర్ట్ 53 అని డీఎన్‌ఎస్ జవాబులను వెదికే ఫిల్టర్ తక్కిన ముక్కలను వదిలేస్తుంది; చూసేవారికేమో జవాబు సగంలో తెగినట్లు కనిపిస్తుంది. జవాబు పంపే చిరునామా నుంచి వచ్చే శకలాలను కూడా కోరే మరో నియమాన్ని చేర్చడమే దీనికి మందు. ఐపీ ఆరో సంచికలో మరో చిక్కుంది: టీసీపీ హెడర్‌లోని బైటును నేరుగా సంఖ్యతో సూచించే పరీక్షలు ఐపీ నాలుగో సంచికకే వర్తిస్తాయి, ఆరో సంచిక ప్యాకెట్లను అవి పలకరించవు.

వాక్య నిర్మాణంలోనూ ఒక ఉచ్చు ఉంది. ప్రోగ్రామింగ్ భాషల్లో సాధారణంగా అండ్‌కు ఆర్ కంటే ప్రాధాన్యం ఎక్కువ. ఫిల్టర్ భాషలో మాత్రం రెండూ సమానమే, ఎడమ నుంచి కుడికి కలుస్తాయి. ఏఆర్‌పీ ఆర్ పోర్ట్ 80 అండ్ హోస్ట్ అని ఒక చిరునామా రాసినవారు హార్డ్‌వేర్ చిరునామాలను వెదికే ఏఆర్‌పీ ప్యాకెట్లన్నీ వస్తాయని ఆశిస్తారు గానీ, ఆ చిరునామాకు సంబంధించినవే వస్తాయి, మిగిలినవి నెట్‌వర్క్‌లో లేవేమో అన్న భ్రమ కలుగుతుంది. కుండలీకరణాలు వాడి, టైపు చేసిన ఆజ్ఞను ముందుగా చదివే షెల్ వాటిని మింగకుండా నియమమంతటినీ ఒంటి కొటేషన్లలో ఉంచడం కనీస క్రమశిక్షణ. లైనక్స్‌లో లోపలికి వచ్చే ప్యాకెట్ ఫైర్‌వాల్ కంటే ముందే పట్టుబడుతుంది కనుక, తెర మీద కనిపించినంత మాత్రాన అది అప్లికేషన్‌కు చేరినట్లు కాదన్నదీ మరువరానిది. పట్టుకోవడం ముగియగానే టీసీపీడంప్ చూపే మూడు లెక్కల్లో కెర్నల్ జారవిడిచిన ప్యాకెట్ల సంఖ్య సున్నా కాకపోతే, ఫిల్టర్ ఎంత చక్కగా ఉన్నా ఆ సాక్ష్యం అసంపూర్ణమే.

ఇంతటి విద్యకు నేడు పట్టిన గతి చూస్తే ఆవేదన కలుగుతుంది. జెరాల్డ్ కోంబ్స్ 1998లో ఈథిరియల్ పేరుతో లోకానికి అందించి, 2006 నుంచి వైర్‌షార్క్‌గా ప్రసిద్ధికెక్కిన పరికరం నిస్సందేహంగా మహత్తరమైనది. కానీ అందులో పట్టుకున్న తర్వాత చూపించే డిస్‌ప్లే ఫిల్టర్ వేరు, పట్టుకునే ముందే వడపోసే క్యాప్చర్ ఫిల్టర్ వేరు, రెండింటి భాషలూ వేరు. ఈ భేదం చెప్పకుండా రంగు రంగుల తెరను చూపి నెట్‌వర్క్ విశ్లేషణ వచ్చేసిందని ధ్రువపత్రాలు పంచే బోధన ఈ సంప్రదాయానికి ద్రోహమే. అంతా పట్టుకొని తర్వాత వెదుకుదామనే వాదన మరింత ప్రమాదకరం: 10 గిగాబిట్ల లంకె నిండుగా నడిస్తే సెకనుకు 1.25 గిగాబైట్లు, నిమిషానికి 75 గిగాబైట్లు పోగవుతాయి. ఆ రాశిలో అవసరం లేని ఇతరుల సంభాషణలు కూడా చేరిపోతాయి. మితంగా పట్టుకోవడం ఇక్కడ నైపుణ్యమే కాదు, నీతి కూడా. ఎవరో రాసిన ఫిల్టర్‌ను అర్థం చేసుకోకుండా అతికించి, ఫలితం రాకపోతే నెట్‌వర్క్‌ను నిందించడం ఈ పతనానికి పరాకాష్ఠ.

లైనక్స్‌లో 2014 నుంచి విస్తరించిన ఈబీపీఎఫ్ నేడు భద్రతకూ, పర్యవేక్షణకూ ఆధారమై వెలుగుతోంది. ఆ వెలుగుకు వత్తి వేసింది ఈ పాత బీపీఎఫే. ఆ మూలాన్ని విడిచి కొత్తదాని పేరు మాత్రమే వల్లించడం వల్ల ఒరిగేదేమీ లేదు. తెలుగునాట నెట్‌వర్కింగ్ బోధించే కళాశాలలూ శిక్షణ కేంద్రాలూ విద్యార్థి చేత మొదటి వారంలోనే ఒక ఫిల్టర్ ఆజ్ఞల పట్టికను పంక్తి పంక్తిగా చదివించాలి, వీల్యాన్ ట్యాగ్ ఉన్న ఫ్రేములోని బైట్లను చేతితో లెక్కింపజేయాలి. ఫలితం ఖాళీగా వచ్చినప్పుడు నెట్‌వర్క్‌ను అనుమానించే ముందు తన ఫిల్టర్‌ను తానే పరీక్షించుకునే ఇంజినీర్లు తయారైతేనే ఈ విద్య నిలుస్తుంది.