లేచిన కాలరు

బీబీపేటలో కామారెడ్డి బస్సెక్కితే ఈ వారం కిటికీ పక్క సీటే దొరికింది. అయినా కాలమిస్టుకు సుఖం దక్కలేదు. ముందు సీట్లో ఇద్దరు డిగ్రీ పోరగాళ్లు. ఒకడి ఒంటి మీద ఎర్ర జెర్సీ, వీపున రొనాల్డో పేరు, దాని కింద 7. మాంచెస్టర్ యునైటెడ్ 2022 నవంబర్‌లో రొనాల్డోతో తెగతెంపులు చేసుకున్న సంగతి మొన్న రాత్రే జరిగినట్టు వాదులాడుకుంటున్నారు.

"టీవీల కూసోని సొంత క్లబ్బునే తిడితే ఎవడూకుంటడు?"

"అరే, గాయిన లేకుంటే గా క్లబ్బు పేరు మన దిక్కు ఎవనికి దెల్సురా?"

తేలక, జెర్సీ కుర్రాడు వెనక్కి తిరిగి "మీరు చెప్పుండ్రి సార్, ఎవరిది తప్పు?" అని అడిగాడు. కాలమిస్టు ఎప్పుడూ అనే మాటే అన్నాడు: ఆట చూడాలె, తీర్పులు మనకెందుకు? కుర్రాడి మొహంలో మర్యాద మాత్రం మిగిలింది, ఆసక్తి పోయింది.

ఈ పేజీని ఓపిగ్గా చదువుతూ వస్తున్నవాళ్లకు ఆ మాట కొత్త కాదు. అభిమానం కూడా ఒక పనితనమేననీ, ఫ్లెక్సీ కట్టినంత మాత్రాన అది రాదనీ, బంతి ఎటు పోతోందో కళ్లప్పగించి చూసేవాడే అసలు అభిమాని అనీ ఇక్కడ చాలాసార్లు రాసిందే. ఫ్లెక్సీల మీద ఈ కాలమ్‌కున్న కక్ష కూడా పాతదే. అది ఈ వారానికి పక్కన పెడదాం.

రొనాల్డో కథలో నిజానికి తేలనిదేమీ లేదు. 2003లో ఆ క్లబ్బుకొచ్చాడు, 2009లో వెళ్లిపోయాడు, 2021లో తిరిగొచ్చాడు. టీవీ యాంకర్ పియర్స్ మోర్గాన్‌కిచ్చిన ఇంటర్వ్యూలో క్లబ్బు తనకు ద్రోహం చేసిందన్నాడు, కోచ్ టెన్ హాగ్ అంటే గౌరవం లేదన్నాడు. 2022 నవంబర్ 22న పరస్పర అంగీకారంతో విడిపోతున్నామని ప్రకటన వచ్చింది. అలాంటి అంగీకారం ఎలా కుదురుతుందో ఉద్యోగాలు చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సౌదీలో అల్ నస్ర్ జట్టులో చేరాడు. అభిమానుల్లో కొందరు క్లబ్బుతో ఉండిపోయారు, కొందరు మనిషి వెంట పోయారు. బస్సులో కుర్రాడు మధ్యస్థం: ఒంటి మీద ఎర్ర జెర్సీ, ఫోన్లో పసుపు నీలం జట్టు గోల్స్. రొనాల్డో తప్పు నోటితో చేసింది, అందరూ విన్నది. ఆయన ఫ్రీకిక్కుల మీద ఎవరికీ అనుమానం లేదు.

బస్సు దిగాక కూడా మనసు అక్కడే తిరిగిందంటే కారణం రొనాల్డో కాదు. అంతకన్నా బరువైన వెలివేత ఒకటి మన హైదరాబాద్ మనిషి మీదే పడింది. 2000 డిసెంబర్ 5న భారత క్రికెట్ బోర్డు మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద మహమ్మద్ అజహరుద్దీన్‌కు జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టులు, 22 సెంచరీలు, 334 వన్డేలు, మూడు ప్రపంచ కప్‌లకు కెప్టెన్సీ. ఆ ఏడాది మార్చిలో బెంగళూరులో దక్షిణాఫ్రికా మీద ఆడిన చివరి టెస్టులోనూ 102 కొట్టాడు. నూరో టెస్టు ఆడలేదు.

బీబీపేట అప్పటికి మండలం కాదు, నిజామాబాద్ జిల్లా దోమకొండ మండలంలో ఊరు. బస్టాండుకు దగ్గర్లో ఒక టైలర్ షాపు ఉండేది. ఊరి పోరగాళ్లందరికీ ఆయన టైలర్ మామ. ఆయన షాపు దోమకొండ దాకా పేరుపడింది ఒకే ఒక్క పనికి, అజహర్ కాలరుకు.

అజహర్ కాలర్ లేపి ఆడేవాడు, మెడలో తాయెత్తు బయటికి ఊగుతుండేది. తాయెత్తు సంగతి ఎవరిష్టం వారిది గానీ, కాలర్ మాత్రం కుట్టించుకోవచ్చు. మామూలు చొక్కా కాలర్‌కు లోపల ఒక పొర బక్రం వేస్తారు. రెండు ఉతుకులకు అది మెత్తబడి మెడ మీద వాలిపోతుంది. మామ రెండు పొరలు వేసేవాడు. పైపొరను అంచుకన్నా పిసరంత లోపలికి కత్తిరించేవాడు, లేకపోతే మడత దగ్గర లావై గుచ్చుకుంటుంది. అంచు వెంబడి రెండు వరసల కుట్టు. ఇస్త్రీ లేకున్నా మెడ వెనక నిటారుగా నిలబడేది. దీనికి కుట్టుకూలి మీద కొంచెం ఎక్కువ తీసుకునేవాడు, ఎవరూ బేరమాడేవాళ్లు కాదు.

అజహర్ బ్యాటింగుకు దిగితే మిషన్ ఆగిపోయేది. పండగ ముందు రోజైనా సరే, బట్టల కోసం వచ్చినవాళ్లు బల్ల మీద కూర్చోవలసిందే. మొదట్లో రేడియో, తర్వాత పోర్టబుల్ టీవీ. మెడలో టేపు వేలాడుతుండగానే స్కేలు పట్టుకుని మణికట్టు తిప్పి చూపించేవాడు. ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని ఆఖరి ఘడియలో మిడ్‌వికెట్ వైపు ఎట్లా తోస్తాడో, బ్యాటు మొహం ఎప్పుడు మూస్తాడో, బలం ఎందుకు అక్కర్లేదో. 1984 డిసెంబర్ 31న ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన టెస్టులో 110, ఆ వెంటనే మద్రాసులో 105, కాన్పూర్‌లో 122, మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. ఆ అంకెలు ఆయన కొలతల పుస్తకం మొదటి పేజీలో ఉండేవి, వాటి కిందే ఎవరిదో నడుము 32.

2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ క్రోన్యే బుకీతో మాట్లాడిన ఫోను మాటలు బయటపెట్టారు. జూన్‌లో దక్షిణాఫ్రికాలో విచారణ జరిపిన కింగ్ కమిషన్ ముందు క్రోన్యే అజహర్ పేరు చెప్పాడు. నవంబర్‌లో సీబీఐ నివేదిక, ఆ మీదట బోర్డు కోసం మాజీ సీబీఐ అధికారి మాధవన్ చేసిన విచారణ. రెండూ అజహర్‌ను తప్పుపట్టాయి. అజహర్ కాదన్నాడు. మైనారిటీ వర్గం వాణ్ని కాబట్టే తనను పట్టుకున్నారని ఒక మాట కూడా అన్నాడు, దానికి తర్వాత క్షమాపణ చెప్పాడు.

మామను డబ్బు ఆరోపణలకన్నా ఎక్కువ కాల్చింది ఆ మాటే. "గిన్నేండ్లు మనోడు అనుకున్నం గదా. ఏ కులం, ఏ మతం అని నేనెన్నడన్న కొలత తీసుకున్ననా?" అన్నాడు. క్షమాపణ సంగతి పేపర్లో చదివి, సరేలే అన్నట్టు తలూపాడు. అప్పటికి ఇద్దరు కుర్రాళ్లు కాలర్ మామూలుగా చేసిమ్మని చొక్కాలు తెచ్చారు. బ్లేడుతో కుట్లు ఒక్కొక్కటీ విప్పి, లోపలి పొర లాగేసి ఇచ్చాడు, పైస తీసుకోలేదు. అదే వారం ఇంకొకడు మొండిగా కొత్త అజహర్ కాలర్ కావాలన్నాడు. కుట్టిచ్చాడు, ఎప్పటి కూలే తీసుకున్నాడు. కానీ అప్పట్నుంచి మ్యాచ్ కోసం మిషన్ ఆగలేదు. టీవీ ఇంటికి పంపేశాడు.

అప్పట్లో ఈ కాలమ్‌లో "అలిగిన టైలర్" అని ఆయన మీద ఒక సరదా ముక్క వచ్చింది. పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాదన కూడా ఇప్పటిదే: మనిషి వేరు, ఆట వేరు. తప్పు చేశాడో లేదో తేల్చేవాళ్లు వేరే ఉన్నారు, నువ్వు చూసిన ఇన్నింగ్స్ నీ దగ్గర్నుంచి ఎవడూ గుంజుకోలేడు. దానికి సాక్ష్యంగా కాలమిస్టు 1996 ఈడెన్ గార్డెన్స్ ఇన్నింగ్స్‌ను ముందు పెట్టాడు. దక్షిణాఫ్రికా మీద ఆడుతూ, దెబ్బ తగిలి బయటికెళ్లి, మర్నాడు తిరిగొచ్చి, అప్పుడే అరంగేట్రం చేసిన క్లూస్‌నర్‌ను ఒకే ఓవర్లో వరసగా ఐదు ఫోర్లు కొట్టి, 77 బంతుల్లో 109. ఆ పొద్దు షాపులో మెతుకు ముట్టినవాడు లేడు.

ఆ ముక్క చదివిన మామ కత్తెర పక్కన పెట్టి, "గదే సిరీస్‌ల కాన్పూర్ సంగతేంది సారూ?" అన్నాడు.

ఆ ప్రశ్న విలువ అప్పుడు తట్టలేదు. క్రోన్యే కమిషన్ ముందు చెప్పింది కాన్పూర్ టెస్టు గురించే. మూడో రోజు సాయంత్రం అజహర్ తనను పిలిచి బుకీ గుప్తాకు పరిచయం చేశాడని. అదే టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో అజహర్ 163 నాటౌట్. భారత్ 280 పరుగులతో గెలిచింది. క్రోన్యే చెప్పింది నిజమో అబద్ధమో, అది వేరే లెక్క. కానీ ఆరోపణా, అద్భుతమూ ఒకే మైదానంలో, ఒకే వారంలో ఉన్నప్పుడు మనిషిని ఇటు, ఆటను అటు పెట్టడానికి గీత ఎక్కడ గీస్తాం? టీవీలో కోపంగా మాట్లాడిన ఫుట్‌బాలర్ విషయంలో ఆ గీత తేలిక. మ్యాచే అమ్ముడుపోయిందన్న అభియోగంలో గీత గీసే జాగా లేదు, ఎందుకంటే పోయింది ఆటే.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 2003లో హైదరాబాద్ సివిల్ కోర్టులో అజహర్ ఓడాడు. 2006లో, నిషేధం అలాగే ఉండగా, ముంబైలో మాజీ కెప్టెన్ల సన్మానానికి అదే బోర్డు ఆయన్నూ పిలిచింది. 2009లో మొరాదాబాద్ నుంచి ఎంపీ. 2012 నవంబర్ 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆ నిషేధం చట్టం ముందు నిలవదని కొట్టేసింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. 2017లో హైదరాబాద్ క్రికెట్ సంఘం ఎన్నికల్లో నామినేషన్ తిరస్కరించారు, 2019లో అదే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఉప్పల్ స్టేడియంలో నార్త్ స్టాండ్‌కు ఆయన పేరు పెట్టారు. ఆ నిర్ణయం ఆయన అధ్యక్షుడిగా ఉండగానే జరిగిందని 2025లో సంఘం అంబుడ్స్‌మన్ పేరు తీసేయమంటే హైకోర్టు దాన్ని ఆపింది. ఆయన అధ్యక్షుడిగా ఉన్నప్పుడే, 2022 సెప్టెంబర్ 22న, ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానానికి వచ్చిన జనం తొక్కిసలాటలో చిక్కుకున్నారు, లాఠీలు కూడా లేచాయి.

ఈ వరసలో ఒకసారి వెనక్కి చూడండి. బోర్డు వెలేసింది, బోర్డే పిలిచి శాలువా కప్పింది. పార్టీ టికెట్ ఇచ్చింది, కోర్టు మచ్చ తుడిచింది, సంఘం కుర్చీ వేసింది. ఎవరి పద్ధతిలో వాళ్లు అజహర్‌తో తమ ఖాతా సరిచూసుకున్నారు. చట్టం దృష్టిలో ఈ రోజు ఆయన మీద ఏ నిషేధమూ లేదు, అది న్యాయంగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి. కానీ ఆ మ్యాచుల్లో ఏం జరిగిందో, ఏమీ జరగకపోతే ఆ నివేదికల్లో అంత రాత ఎందుకుందో, రాత్రులు మేల్కొని చూసినవాళ్లకు కూర్చోబెట్టి చెప్పినవాడు లేడు. హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు మామ అన్నది కూడా అదే. "కోర్టు ఆయిన కేసు జెప్పింది, మంచిదే. మన కేసు ఎవలు జెప్తరు?"

ఈ మధ్య సంగతి ఇంకోటి చూస్తే, అభిమానికి జవాబు చెప్పేవాడు లేడన్నది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2024 జనవరిలో విశాఖలో బెంగాల్‌తో రంజీ మ్యాచ్ తర్వాత హనుమ విహారి ఆంధ్ర కెప్టెన్సీ వదిలేశాడు. ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ మీద 4 పరుగుల తేడాతో క్వార్టర్ ఫైనల్ ఓడగానే అసలు విషయం చెప్పాడు: జట్టులోని పదిహేడో ఆటగాణ్ని గట్టిగా మందలించానని, అతడి తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో ఆంధ్ర క్రికెట్ సంఘం తనను దిగిపొమ్మందని, ఇక ఆంధ్రకు ఆడనని. సంఘమేమో విహారి బూతులు వాడాడంది. సిడ్నీలో 2021లో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడి మ్యాచ్ కాపాడినవాడు, 2023లో ఇండోర్‌లో ముంజేయి విరిగితే ఎడమచేతి వాటంగా మారి ఒంటిచేత్తో ఆడినవాడు. అభిమానులు ఏం చేశారు? రెండు పార్టీలుగా చీలారు. ఎవరు ఏ జెండా అన్నదాన్ని బట్టి విహారి వీరుడో పొగరుబోతో అయిపోయాడు. 2024 జూన్‌లో ఆంధ్రలో ప్రభుత్వం మారింది, విహారి మనసూ మారింది, ఆంధ్రలోనే ఉంటానన్నాడు. ఏడాది తర్వాత త్రిపురకు వెళ్లిపోయాడు. డ్రెస్సింగ్ రూములో ఆ రోజు ఎవరు ఎవర్ని ఏమన్నారన్నది గాలికి పోయింది. దాని గురించి అలిగినవాడు కూడా ఒక్కడు లేడు, అందరూ పక్షం తీసుకునే పనిలో ఉన్నారు.

అందుకే టైలర్ మామ అలక ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. ఆయన అజహర్‌ను తిట్టలేదు, దిష్టిబొమ్మ కాల్చలేదు, తీర్పు వచ్చాక బాణాసంచా కూడా కాల్చలేదు. కాలర్ అడిగినవాడికి కుట్టాడు, విప్పమన్నవాడికి విప్పాడు. తనకు రావలసిన జవాబు రాలేదు కాబట్టి తన పొద్దును ఆటకు ఇవ్వడం మానేశాడు, అంతే. ఆట చూడు, తీర్పు చెప్పకు అని ఈ కాలమ్ చెప్పుకొచ్చిన నీతికి ఆయనే సరిగ్గా కట్టుబడ్డాడు, ఒక్క మొదటి సగం తప్ప. ఆ మొదటి సగమే పట్టుకుని వేలాడితే బోర్డుకు హాయి. ఏం చేసినా మర్నాడు టికెట్ల వరుసలో నిలబడతారన్న ధీమా ఇచ్చేది అదే. క్లబ్బుతో తెగదెంపులైనా, ఆటగాడితో తెగదెంపులైనా, అలిగే హక్కు అభిమాని చేతిలో మిగిలే ఒకే ఒక్క పనిముట్టు. దాన్ని వాడినవాణ్ని చూసి నవ్వడం ఇకనుంచి ఈ పేజీలో ఉండదు.

అయితే ఈ కాలమిస్టు అలక మాత్రం అంత కచ్చితమైనది కాదు. 2000 డిసెంబర్‌లో అజహర్‌తో పాటు అజయ్ జడేజా మీదా ఐదేళ్ల నిషేధం పడింది, 2003లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 1996 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో బెంగళూరులో వకార్ యూనిస్‌ను ఉతికి 25 బంతుల్లో 45 కొట్టిన మనిషి. 2023 ప్రపంచ కప్‌లో అఫ్ఘానిస్థాన్ జట్టుకు సలహాదారుగా ఉన్నాడు. టీవీలో ఆయన మ్యాచ్ విప్పి చెబుతుంటే, ఫీల్డరు రెండడుగులు ఎందుకు జరిగాడో ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పరు. ఆయన మాట్లాడేటప్పుడు ఇంట్లో ఎవరైనా రిమోట్ ముట్టుకుంటే కాలమిస్టు ఒప్పుకోడు.