మసక తెర మీద అద్భుత రసం

చంద్రుడి మీద తీసిన ఫోటోల్లో స్పష్టతకు లోటు లేదు. హాసెల్‌బ్లాడ్ కెమెరా తెచ్చిన ఆ రంగుల బొమ్మల్లో వ్యోమగామి ఆల్డ్రిన్ దుస్తుల ముడతలు కూడా కనిపిస్తాయి. అయినా 1969 జూలై 21న, మన గడియారాల్లో ఉదయం 8.26కి, అతని సహచరుడు ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద తొలిసారి పాదం మోపుతుండగా టెలివిజన్ చూపిన నలుపు తెలుపు మసక ముందు అవన్నీ వెలవెలబోతాయి. ఫోటో చూసి తెలుసుకుంటాం. ఆ ప్రసారం చూసి విస్తుపోతాం.

మొదట బొమ్మ తలకిందులుగా వచ్చింది. నిచ్చెన పక్కన పరికరాల అరలో కెమెరాను తిరగేసి బిగించడం వల్ల అలా వచ్చింది. ఇక్కడ భూమ్మీద ఒక మీట తిప్పితే సరిపోయింది. కానీ ఆ కొన్ని క్షణాలూ ఏది నేలో ఏది ఆకాశమో చూసేవాడికి అంతుపట్టదు. చందమామను పరిచయం చేయడానికి ఇంతకంటే తగిన నాంది ఎవరు రాయగలరు? బొమ్మ సర్దుకున్నాక పైన కాటుక నలుపు, కింద కళ్లు చెదిరే తెలుపు, నడుమ ఏటవాలుగా నౌక కాలు. ఆ చీకట్లోంచి ముందు ఒక కాలు, తర్వాత నడుము, ఆ తర్వాత మనిషి.

ఆ మనిషి గుండా వెనకున్నవి కనిపిస్తుంటాయి! కదలనివాటి ముద్ర తెరను పట్టుకుని ఉండిపోవడం వల్ల కదిలేవాడు పలచబడిపోయాడు. తెల్లపంచె వెనక దీపం వెలుగులో ఆడే తోలుబొమ్మలకు ఉండే సగం పారదర్శకమైన అందం అది.

ఈ అందమంతా పేదరికంలోంచి పుట్టింది. అంత దూరం నుంచి వచ్చే సన్నని రేడియో దారిలో మాటలూ, నౌక సమాచారమూ, బొమ్మలూ కలిసి ప్రయాణించాలి. అందుకని కెమెరా సెకనుకు 10 బొమ్మలే, ఒక్కొక్కటి 320 గీతలతోనే పంపింది. అప్పట్లో అమెరికా ఇళ్లలోని టీవీలకు 30 బొమ్మలు, 525 గీతలు కావలసి ఉండేవి. కనుక గ్రాహక కేంద్రంలో ఒక తెర మీద వచ్చిన బొమ్మను మరో కెమెరా తిరిగి పట్టింది. తొలి అడుగు ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్ నుంచి, తర్వాతి దృశ్యం చాలావరకు పార్క్స్ నుంచి లోకానికి చేరాయి. ప్రతి మజిలీలో కొంత వివరం రాలిపోయింది. రాలిన చోటల్లా ప్రేక్షకుడి ఊహ మొలిచింది. చెప్పినదానికంటే స్ఫురించినదే గొప్పదన్న ఆనందవర్ధనుడి ధ్వని సిద్ధాంతానికి ఇరవయ్యో శతాబ్దపు యంత్రాలు తెలియకుండానే ఉదాహరణ రాశాయి. అద్భుత రసానికి స్థాయీభావం విస్మయం. అన్నీ విడమరిచి చూపితే ఆ విస్మయానికి చోటుండదు.

తర్వాత కెమెరాను తీసి దూరంగా ముక్కాలిపీట మీద నిలిపారు. ఇక దృశ్యం మారదు, దగ్గరికి రాదు. నౌక, జెండా, అటూ ఇటూ గెంతే రెండు ఆకారాలు. వాళ్లు చట్రం దాటిపోతే ఖాళీ నేలే మిగులుతుంది, గరగరల మధ్య గొంతులు మాత్రం వినిపిస్తుంటాయి. ఆ ఖాళీని కత్తిరించడానికి ఎడిటర్ లేడు. నిడివిని అంత ధైర్యంగా వాడుకున్న కార్యక్రమం ఆ దశాబ్దంలో మరొకటి నేను చూడలేదు.

అప్పటికి మన దేశంలో టెలివిజన్ ఢిల్లీకే పరిమితం. హైదరాబాద్ కేంద్రం 1977లో గానీ రాలేదు. అందువల్ల మనలో ఎక్కువమందిమి దీన్ని ఆలస్యంగా, తునకలుగా చూసినవాళ్లం. చంద్రుడి నుంచి నేరుగా వచ్చిన సంకేతాలున్న అసలు టేపులను నాసా చెరిపి మళ్లీ వాడుకుంది. టీవీ సంస్థల వద్ద మిగిలిన ప్రతులను 2009లో శుభ్రపరిచి విడుదల చేశారు. ఆ శుభ్రమైన ప్రతిలో వివరం పెరిగింది, మాయ కొంత తగ్గింది. వీలైతే పాత మసక ప్రతినే, వ్యాఖ్యానం లేకుండా, ఆ రెండున్నర గంటలూ పూర్తిగా చూడండి.