గడప తొక్కిన లెక్క

"నీ వయసెంత పెద్దమ్మా?" అని అడిగితే ఆమె నవ్వేసింది. "అరవయ్యో డెబ్బయ్యో ఉంటాయిలేమ్మా, ఏదో ఒకటి రాసుకో."

తిరువూరు దగ్గర మా చుట్టాల ఊళ్లో, మామిడితోట పక్కన ఒక పెంకుటింటి అరుగు మీద జరిగిన మాట ఇది. అడిగిన పరిశోధక విద్యార్థిని ఏదో ఒకటి రాసుకోలేదు. కలం పక్కన పెట్టి, "దివిసీమ ఉప్పెనప్పుడు మీ పెద్దబ్బాయి ఎంతవాడు?" అంది. "చంకలో ఉన్నాడు. అప్పుడప్పుడే పాకుతున్నాడు." "వాడికి ముందు కాన్పు ఏమైనా ఉందా?" ముసలమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఆడపిల్ల. పురిట్లోనే పోయింది. పదహారో ఏట కాపురానికొచ్చా, ఏడాది తిరక్కుండా పుట్టింది." ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కిస్తే ఆమె పుట్టింది 1958 ప్రాంతంలో. వయసుతో పాటు, ఏ రిజిస్టరులోనూ లేని ఒక పసిగుడ్డు లెక్కకెక్కింది. నేను చేతులెత్తి దండం పెట్టాలనుకున్నాను. పనితనమంటే అదీ!

జనాభా శాస్త్రమంటే అంకెలు కూడటం అనుకుంటారు చాలామంది. కాదు, అది అడగటం తెలిసిన విద్య. జ్ఞాపకాన్ని ఊరికి తెలిసిన సంఘటనకు ముడేయాలి. అత్తగారిని మాటల్లో పెట్టి కోడలితో విడిగా మాట్లాడాలి. తలుపు తాళం వేసి ఉంటే మళ్లీ రావాలి, మళ్లీ మళ్లీ రావాలి. ఈ ఓర్పు లేనిచోట వయసులన్నీ 0, 5 అంకెల దగ్గర గుంపు కడతాయి. ఆ గుంపును కొలవటానికి విపుల్ సూచిక ఉంది. నిజాయితీ లెక్క 100 దగ్గర ఉంటుంది, అన్నీ 0, 5తో ముగిసే వయసులే రాస్తే 500కు చేరుతుంది. దొంగలెక్క ఎక్కడికి పోతుంది?

జనాభా శాస్త్రవేత్త విలియం బ్రాస్ ఘనత చూడండి. ఎంతమందిని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని తల్లుల్ని అడిగిన ప్రశ్నల నుంచే శిశు మరణాల రేటు రాబట్టాడాయన. ఇక మన ముగ్గురు చంద్రశేఖరుల మాట. చిదంబర చంద్రశేఖరన్ 1949లో గణాంక శాస్త్రవేత్త డెమింగ్‌తో కలిసి అద్భుతం చేశాడు. రిజిస్టరులోని జననాలు ఒక జాబితా, ఇంటింటా తిరిగి రాసినవి మరో జాబితా. రెంటిలోనూ ఉన్నవెన్నో, ఒకదానిలోనే ఉన్నవెన్నో పోల్చి, రెంటికీ చిక్కనివి ఎన్నో చెప్పాడు! రాజమండ్రిలో పుట్టిన శ్రీపతి చంద్రశేఖర్ జనాభా శాస్త్రవేత్తగా ఉండి 1967లో కేంద్ర ఆరోగ్య మంత్రి అయ్యాడు. ఎ. చంద్రశేఖర్ 1961 జనగణనలో మన రాష్ట్రపు అధికారి. ఊళ్ల జీవనం మీద, జాతరలూ తిరనాళ్ల మీద ఆయన వెలువరించిన సంపుటాలు చదివితే తలలు లెక్కపెట్టటం వేరు, జనాన్ని తెలుసుకోవటం వేరు అని అర్థమవుతుంది. 1971లో దేశం మొత్తం జనగణనకు ఆయనే పెద్ద.

ఈ విద్యకు మన ఆస్థానం విశాఖలో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని జనాభా పరిశోధన కేంద్రం, 1958లో మొదలైన పథకం కింద దేశంలో ఉన్న 18 కేంద్రాల్లో ఒకటి. ఖర్చు కేంద్ర ఆరోగ్య శాఖది, నీడ విశ్వవిద్యాలయానిది. ఆ విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది మా బెజవాడలోనే, ఆ అభిమానం నేను దాచుకోను. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్ర నివేదిక మీద బొంబాయిలోని జనాభా శాస్త్రాల సంస్థ పేరు పక్కనే ఈ కేంద్రం పేరూ ఉంది.

అలాంటి చోటు ఎందుకు కావాలి? ఆ సర్వే నాటికి ఆంధ్రదేశంలో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు, 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7. కేరళలా అక్షరాస్యత పెరగకుండానే, పెళ్లీడు పెద్దగా మారకుండానే ఇది జరిగింది. కు.ని. ఆపరేషన్ అని డాక్టరు అంటాడు. పొలం ముక్కలైందని ఆర్థికవేత్త అంటాడు. ఇద్దరు చాలన్న మాట ఊరిలో ఎలా పాకిందో సామాజిక శాస్త్రవేత్త అడుగుతాడు. ముగ్గుర్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టేదే కేంద్రం. మా పక్కనే ఎ.కొండూరు తండాలను చూడండి. కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లనే కుంగదీసింది. అనుమానం బోరునీటి మీద. నీళ్లు పరీక్షించేవాడూ, రక్తం పరీక్షించేవాడూ, ఎవరు ఎన్నేళ్లు ఏ బోరు తాగారో గడప గడపకూ అడిగి రాసేవాడూ కలవందే ఆ ముడి విప్పలేం.

ఇప్పుడు సర్వే అంటే ఏం మిగిలింది? ఫోన్‌లో రికార్డు చేసిన గొంతు "ఒకటి నొక్కండి" అంటుంది. పది ఇళ్లు తిరిగి, మిగతా ఇరవై రచ్చబండ మీద కూర్చుని నింపేస్తారు. ఒకసారి మా గడపకు ఎవరూ రాకుండానే మా ఇంటి వివరాలు ఎక్కాయి. కన్నుమూసిన మా నాన్నగారు బతికే ఉన్నారు, అత్తవారింటికి వెళ్లిన చెల్లెలు మాతోనే ఉంది. నా కడుపు రగిలిపోయింది. ఈ కాకిలెక్కల మీదే కదా రేపు ఆసుపత్రులూ, పింఛన్లూ!

2027 మార్చి 1 నాటి జనాన్ని లెక్కించబోతున్నారు. పాలకులకు నా విన్నపం: ఎన్ని ఇళ్లు పూర్తయ్యాయని కాదు, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి అడిగారని అడగండి. విశాఖ కేంద్రంలోని పనితనాన్ని మన తిరువూరు కుర్రాళ్ల దాకా తీసుకురండి. ఊరివాళ్లకూ ఒక మాట. గడపకొచ్చిన వాళ్లకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి, "ఏదో ఒకటి రాసుకో" అనకండి. ఆ పెద్దమ్మ అనలేదూ? అయినా ఆ అమ్మాయి కలం పక్కన పెట్టి ఆగబట్టే కదా, పేరైనా పెట్టని ఆ పసిబిడ్డ ఇన్నేళ్లకు ఈ దేశపు లెక్కలో చోటు సంపాదించుకుంది.