గెలాక్సీల గణన – లెక్కకు రాని వెలుగు

"అత్యంత దూరమున మరియొక గెలాక్సీ కనబడినది" అను వార్త 2022 నుండి పత్రికలలో తరచుగా వచ్చుచున్నది. తొర్రూరులో మా తరగతి విద్యార్థి ఒకడు అట్టి వార్తను కత్తిరించి తెచ్చి, "దూరము పెరిగితే మనకు కొత్తగా తెలిసినదేమిటి, సార్?" అని అడిగినాడు. మొరటు ప్రశ్నయే గాని సరియైన ప్రశ్న.

విశ్వము పుట్టిన సుమారు 3,80,000 ఏండ్లకు ప్రోటానులు, ఎలక్ట్రానులు కలిసి తటస్థమైన హైడ్రోజన్ వాయువు ఏర్పడినది. తరువాత దాదాపు నూరు కోట్ల ఏండ్లలో అది మరల అయాన్లుగా విడిపోయినది. ఇదియే పునరయనీకరణము. ఒక్కొక్క పరమాణువును విడదీయుటకు కనీసము 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల అతినీలలోహిత కిరణము కావలెను. వానిని పంపినవి ముఖ్యముగా తొలి గెలాక్సీలే అని పలువురి అభిప్రాయము. జేమ్స్ వెబ్ దూరదర్శినితో చేయుచున్న ‘జేడ్స్’ సర్వే వానిని వెదకుచున్నది. 2024లో ఈ సర్వే ప్రకటించిన గెలాక్సీ ఒకటి విశ్వమునకు సుమారు 30 కోట్ల ఏండ్ల వయస్సున్న నాటిది. మరుసటి ఏడు అందులో ఆక్సిజన్ జాడ కూడ తెలిసినది. ఇది సామాన్య విజయము కాదు.

నా ఆక్షేపణ గణనపై కాదు, గణన నుండి తీర్పునకు దూకుటపైన. సర్వే చూచిన ఆకాశభాగము పూర్ణచంద్ర బింబమంత కూడ లేదు. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. రాత్రివేళ గుట్టపై నిలిచి ఊరిలోని ఇండ్లను లెక్కింపవచ్చును. లోపలి దీపపు వెలుగు వీధిలో ఎంత పడుచున్నదో తలుపును బట్టి ఉండును. గెలాక్సీలోని సొంత వాయువే ఆ తలుపు. తప్పించుకొని వచ్చిన కిరణములను సైతము దారిలోని హైడ్రోజన్ మ్రింగివేయును. కనుక ఆనాటి గెలాక్సీలలో వానిని నేరుగా చూడజాలము. దగ్గరి గెలాక్సీలను చూచి ఊహింపవలసినదే.

ఇందు మన శ్రీహరికోటకును పాలు కలదు. 2015 సెప్టెంబరు 28న అచ్చటి నుండి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము ఇట్టి కిరణములను 930 కోట్ల కాంతి సంవత్సరముల దూరపు గెలాక్సీ నుండి పట్టినది. పుణేలోని అయూకా శాస్త్రజ్ఞుడు కనక్ సాహా బృందము 2020లో దీనిని ప్రకటించినది. పుట్టిన కిరణములలో ఐదవ వంతుకు పైగా బయటపడుచున్నవని వారి అంచనా. అయితే అది ఒక్క గెలాక్సీ. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు చెప్పును గాని, గెలాక్సీలన్నియు ఒకే కుండలో ఉడికినవి కావు.

ఫలితము చూడుడు. మునుపు కిరణములు చాలవేమో అను దిగులు. 2024లో కొందరు వెబ్ కొలతలతో లెక్క కట్టగా అవి ఎక్కువైనవి. పునరయనీకరణము మరీ త్వరగా ముగిసిపోవలసి వచ్చినది. విశ్వ నేపథ్య వికిరణపు సాక్ష్యము అందుకు ఒప్పుకొనదు.

గెలాక్సీలను వదలి వాయువునే అడుగు మార్గమును కలదు. తటస్థ హైడ్రోజన్ వెలువరించు 21 సెంటీమీటర్ల రేడియో తరంగములే ఆ మార్గము. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థవారు ‘సరస్ 2’ అను పరికరమును, రేడియో సందడి తక్కువగా ఉండునని, అనంతపురం ప్రాంతపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టులో నిలిపిరి. 63 గంటల రాత్రి కొలతలతో, వాయువు ఆలస్యముగా వేడెక్కి అతివేగముగా అయనీకరణము చెందినదను కొన్ని నమూనాలు నిలువవని 2017లో ప్రకటించిరి. ఆ 63 గంటలలో వారు ఒక్క గెలాక్సీనైనను చూడలేదు. నా విద్యార్థి కత్తిరింపులలో ఆ వార్త లేదు. టింబక్టు ఎక్కడున్నదో పటములో చూపించితిని.