అడిగినదాని వెనక అక్కర

ఫైలు పేరులో చివరి మూడక్షరాలు ఎలా తీయాలని ఓ కుర్రాడు అడుగుతాడు. నిమిషం తిరక్కుండా నలుగురు కోడు పడేస్తారు. నాలుగూ పనిచేస్తాయి. ఐదో మనిషి మాత్రం ఆగి, "నీకు కావలసింది ఎక్స్‌టెన్షనా తమ్ముడూ?" అని అడుగుతాడు. అవునట! జె, పి, ఇ, జి అని నాలుగక్షరాలున్న ఫైలు వచ్చిన రోజు ఆ నలుగురి కోడూ బోల్తా కొట్టేదే. ఆ ఐదో మనిషికి నేను దణ్ణం పెడతాను. ఇలాంటి చిక్కుని ప్రోగ్రామర్లు ఎక్స్‌వై ప్రాబ్లం అంటారు. అది పట్టుకోగలవాడే జవాబు చెప్పడానికి తగినవాడు.

ఇలా జవాబు చెప్పడం యూజ్‌నెట్ చర్చావేదికల రోజుల నుంచీ ఉన్న విద్య. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయల్ స్పోల్‌స్కీ స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల సైటు పెట్టాక ప్రపంచమంతా పాకింది. అందులో పది లక్షల పాయింట్లు ముందుగా దాటినవాడు జాన్ స్కీట్, 2018లో. మహానుభావుడే. కానీ నా ఓటు అక్కడే జవాబులిచ్చిన అలెగ్జాండర్ యీకి.

2012లో అక్కడ ఒకరికి సందేహం వచ్చింది. అర్రేలో 32,768 అంకెలు. 128, ఆపైన ఉన్నవాటినే పదేపదే కూడాలి. అంకెలు చెల్లాచెదురుగా ఉంటే 11.54 సెకన్లు, వరుసలో పేరిస్తే 1.93. చేసే కూడిక అదే, మరి ఈ తేడా ఏమిటి? యీ ప్రాసెసర్ మాట ఎత్తేముందు రైలు పట్టాలు చీలే చోటికి తీసుకెళ్లాడు. రేడియో లేని కాలం. బండి ఎటు పోవాలో పాయింట్స్‌మన్‌కి తెలీదు. ప్రతిసారీ ఆపి అడిగితే ఆలస్యం, అందుకని ఊహించి పంపుతాడు. తప్పితే బండిని ఆపి, వెనక్కి నడిపించి, రెండో దారి పట్టించాలి. ప్రతి ఇఫ్ దగ్గరా ప్రాసెసర్ చేసేదీ ఇలాంటి ఊహే; వరుసలో ఉన్న అంకెల దగ్గర అది దాదాపు తప్పదు. అంతటితో ఊరుకోలేదు, ఆ ఇఫ్ లేకుండా బిట్ ఆపరేషన్లతో రాసి, టైములు కొలిచి పట్టిక వేశాడు. ఎంత ఓపిక! అక్కడే జవాబిచ్చిన ఎరిక్ లిపర్ట్‌దీ ఇదే బాణీ. ఫంక్షన్ ముగిశాక లోకల్ వేరియబుల్ మెమరీని తాకడమంటే, ఖాళీచేసిన హోటల్ గదికి తిరిగివ్వకుండా దాచుకున్న తాళంచెవితో వెళ్లి, డ్రాయరులో మన పుస్తకం ఇంకా ఉందేమో వెతకడమన్నాడు. ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. చదివినవాడు ఇక మరిచిపోతాడా?

ఇప్పుడేమో "గూగుల్ చెయ్" అని కసురుడు. లేదా చాట్‌జీపీటీ రాసిచ్చింది చదవకుండానే అతికించడం. ఆ వరదకి 2022 డిసెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధమే పెట్టాల్సి వచ్చింది. నడిపి చూడని కోడుని జవాబనడం పచ్చిమోసం. అమీర్‌పేటలో కోర్సు ముగించి, మొదటి ఎర్రరుకే బెదిరి అర్ధరాత్రి ప్రశ్న పెట్టే పిల్లకి మనమిచ్చేది ఇదా?

జవాబు చెప్పే అయ్యలారా, అమ్మలారా, ముందు ఆ ఎర్రర్ మెసేజీ మొత్తం పెట్టమనండి. ఆ తప్పు కనిపించడానికి కావలసినంతే మిగిలేలా కోడుని కుదించమనండి. కుదిస్తూ కుదిస్తూ ఉండగానే చాలామందికి తప్పు దొరికిపోతుంది. మీ జవాబులోని కోడు ఏ వెర్షన్లో నడిచిందో రాయండి. ఏదైనా లైను మారిస్తే ఎందుకు మార్చారో చెప్పండి. పాత ప్రశ్నే కదా అని మూసేసేముందు, ఆ పాత జవాబులో అడిగినవాళ్లు ఏ పేరా చదవాలో ఒక్క వాక్యం రాసిపెట్టండి.