ప్రశ్న పూర్తి కాకముందే

2009 ఫిబ్రవరి 23న బీబీసీ టూ ఛానల్లో 'యూనివర్సిటీ ఛాలెంజ్' ఫైనల్ ప్రసారమైంది. ఆక్స్‌ఫర్డ్‌లోని కార్పస్ క్రిస్టీ కాలేజీ 275 పాయింట్లు తెచ్చుకుంది, మాంచెస్టర్ యూనివర్సిటీ 190 దగ్గర ఆగిపోయింది. వారం తిరిగేసరికి, మార్చి 2న, ఆ గెలుపు రద్దయింది. ట్రోఫీ మాంచెస్టర్‌కి వెళ్లింది. జవాబుల్లో తప్పు దొరికి కాదు. గెలిచిన నలుగురిలో ఒకరు చివరి రౌండ్ల నాటికి విద్యార్థి కాదు, ఉద్యోగి. అదీ కారణం.

ఆ సీజన్‌ని నేను చాలా ఆలస్యంగా, యూట్యూబ్‌లో, ముక్కలు ముక్కలుగా చూశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ చూశాను కాబట్టేమో, బ్రిటిష్ పత్రికలు రాసినవాటికంటే నాకు వేరే విషయాలు కనిపించాయి.

ముందు ఆట సంగతి. జట్టుకి నలుగురు. 'స్టార్టర్' ప్రశ్నకి పది పాయింట్లు. దానికి ఎవరికి వారే బజర్ నొక్కి చెప్పాలి, పక్కవాళ్లని అడగకూడదు. సరిగ్గా చెప్తే ఆ జట్టుకి ఐదేసి పాయింట్ల బోనస్ ప్రశ్నలు మూడు వస్తాయి. వీటికి నలుగురూ మాట్లాడుకోవచ్చు. స్టార్టర్ చదవడం పూర్తి కాకముందే నొక్కి తప్పు చెప్తే ఐదు పాయింట్లు పోతాయి. నగదు బహుమతి లేదు.

ఈ ఆట అందమంతా ఆ ఐదు పాయింట్ల కోతలో ఉంది. మన కోచింగ్ సెంటర్ల భాషలో ప్రశ్న అంటే 'బిట్'. "రాజశేఖర చరిత్రము రచయిత ఎవరు?" అని ఒక వాక్యం, కింద నాలుగు ఆప్షన్లు. తెలిస్తే పెడతాం, తెలియకపోతే రెండు కొట్టేసి మిగిలినవాటిలో ఒకటి ఊహిస్తాం. అదే స్టార్టర్ అయితే ఇలా ఉంటుందనుకోండి: "1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన రచయిత..." తెలిసినవాడి వేలు 'వివేకవర్ధని' దగ్గరే బజర్ మీద ఉంటుంది. కందుకూరి అని చెప్పేస్తాడు. కానీ ప్రశ్న అక్కడితో ఆగకుండా "...తన తొలి నవలకి ఏ ఇంగ్లీషు నవలని ఆధారం చేసుకున్నాడు?" అని ముగిసేదైతే, జవాబు గోల్డ్‌స్మిత్ రాసిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. తొందరపడ్డవాడికి మైనస్ ఐదు. అంటే విషయం తెలిసి ఉండటమే చాలదు, ప్రశ్న ఎటు పోతోందో కూడా పోల్చుకోవాలి. ప్రశ్న అడిగేవాడి మనసు చదవాలి.

ఇది మనకి కొత్తదేం కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి సరిగ్గా దీన్ని తిరగేసినట్టుంటుంది. అక్కడ అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, పద్యం ఎటు పోతోందో పసిగట్టి పృచ్ఛకుడు తర్వాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. సభ ఆనందం పద్యం పూర్తవడంలో ఎంత ఉందో, ఆ పసిగట్టడంలో అంత ఉంది. అవధానంలో ఎనిమిది మంది ఒకరిని అడుగుతారు. యూనివర్సిటీ ఛాలెంజ్‌లో ఒకరు ఎనిమిది మందిని అడుగుతారు. రెండుచోట్లా చూడటానికి వచ్చినవాళ్లు చూసేది ఒకటే, మనిషి ఆలోచిస్తూ ఉండటం.

2009 సీజన్‌లో అలా చూడదగ్గ మనిషి గెయిల్ ట్రింబుల్. కార్పస్ క్రిస్టీ కెప్టెన్. లాటిన్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తోంది, లాటిన్ కవి కటుల్లస్ కవిత ఒకదాని మీద. జట్టు సంపాదించిన పాయింట్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఆమెవే. క్వార్టర్ ఫైనల్లో ఎక్సెటర్ కాలేజీ మీద స్కోరు 350-15. అంత తెలిసిన అమ్మాయిని చూసి ఆ దేశంలో సగం మంది మురిసిపోతే, మిగతా సగం 'పొగరు' అన్నారు. జవాబు చెప్పి చిన్నగా నవ్వడం కూడా నేరమైంది. మగపిల్లాడు అదే నవ్వు నవ్వితే ఆత్మవిశ్వాసం అనేవాళ్లు. ఇందులో మాత్రం బ్రిటన్‌కీ మనకీ తేడా ఏం కనపడలేదు నాకు.

ఆమె ఒంటరిగా ఆడేసిందని చాలామంది రాశారు. నేను ఒప్పుకోను. బోనస్ ప్రశ్నలప్పుడు చూడండి. ఆమె అటూ ఇటూ తిరుగుతుంది, పక్కవాళ్లు గొణిగినది వింటుంది, తనకి తట్టినదాన్ని పక్కన పెట్టి వాళ్ల మాట చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. పది సెకన్లలో నలుగురు ఒక అభిప్రాయానికి రావడం, ఎవరికి ఏది తెలుసో మిగతా ముగ్గురికీ తెలిసి ఉండటం, కెమెరా చూపించగలిగిన మంచి దృశ్యాల్లో ఒకటి. నేను పనిచేసే రంగంలో రోజూ మీటింగుల్లో కోరుకునేదీ, అరుదుగా దొరికేదీ ఇదే.

ఇక ఆ నాలుగో మనిషి. డిగ్రీ అయ్యాక పరిశోధన చేద్దామనుకున్నాడు, నిధులు సమకూరలేదు, ఉద్యోగంలో చేరాడు. నియమం ప్రకారం సీజన్ మొత్తం విద్యార్థిగా ఉండాలి. నియమం నియమమే, బీబీసీని తప్పు పట్టలేం. కానీ చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంబడి నడిచేవాళ్లకి ఈ కథ ఇంకోలా వినిపిస్తుంది. ఇక్కడ స్టడీ హాళ్లలో కూర్చున్నవాళ్లలో డిగ్రీ అయిపోయి ఐదేళ్లు, ఎనిమిదేళ్లు అయినవాళ్లున్నారు. అక్కడ విద్యార్థి హోదా పోయినందుకు గెలుపు పోయింది. ఇక్కడ ఆ హోదా ఎంతకీ వదలదు.

గెలుపు రద్దవడం కూడా వీళ్లకి కొత్త కాదు. 2022 అక్టోబర్ 16న జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్, పేపర్ లీకేజీ బయటపడ్డాక 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షని సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దుచేసింది. రెండుసార్లూ రాసినవాళ్లకి ఏం మిగిలింది? ట్రోఫీ పోయినా ట్రింబుల్‌కి ఎంత తెలుసో లోకమంతా చూసింది, పదిహేనేళ్ల తర్వాత నేనూ చూశాను. మనవాళ్లకి ఎంత తెలుసో ఓఎంఆర్ షీటు తప్ప ఎవరూ చూడలేదు.

మా వీధిలో స్టడీ హాలుకి వెళ్లే ఒక కుర్రాడికి ఆ ఫైనల్ చూపించాను. ఇంగ్లీషు వేగం అందలేదు గానీ, రెండు జవాబులు వాళ్లకంటే ముందే చెప్పాడు. అయిపోయాక అడిగాడు: "ఇది ఏ ఎగ్జామ్‌కి అన్నా?" ఏ ఎగ్జామ్‌కీ కాదన్నాను. "మరి ఇంత చదివి?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

ఈ షోని దేవుడి గూట్లో పెట్టక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల నుంచి ఒక్కో కాలేజీ ఒక్కో జట్టుని పంపొచ్చు, మాంచెస్టర్ లాంటి పెద్ద యూనివర్సిటీకి మాత్రం ఒక్కటే జట్టు. దీనికి నిరసనగా 1975లో మాంచెస్టర్ జట్టు ప్రశ్నలకి ట్రాట్‌స్కీ, లెనిన్, మార్క్స్, చే గెవారా అంటూ జవాబు చెప్పింది. జ్ఞానం పేరుతో ఒక తరగతి తన అభిరుచుల్ని తనే మెచ్చుకోవడం ఈ కార్యక్రమంలో ఎప్పుడూ ఉంది.

మన దాకా ఏది వచ్చిందో చూస్తే ఇంకా ఆశ్చర్యం. 'యూనివర్సిటీ ఛాలెంజ్ ఇండియా'ని సిద్ధార్థ బసు బీబీసీ వరల్డ్‌లో నడిపాడు. 2003-04 సీజన్‌లో ముంబయి సర్దార్ పటేల్ ఇంజనీరింగ్ కాలేజీ గెలిచింది. అంతా ఇంగ్లీషే. బ్రిటన్‌లోనే 1998లో పుట్టిన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' మాత్రం 2014లో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు'గా, 2021లో ఎన్టీఆర్‌తో 'ఎవరు మీలో కోటీశ్వరులు'గా తెలుగులోకి వచ్చింది. ఒకే కుర్చీ, నాలుగు ఆప్షన్లు, మధ్యలో కుటుంబ కష్టాలు, చివర్లో చెక్కు. అవి చెడ్డ కార్యక్రమాలని అనను, మా ఇంట్లో అందరం చూశాం. కానీ అందులో జవాబు ఎప్పుడూ డబ్బు రూపంలోనే కనిపిస్తుంది. ఆ కుర్రాడి ప్రశ్నకి వేరే సమాధానం ఉందని అతనికి ఎవరు చూపిస్తారు?

ఉస్మానియా నుంచో, నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ నుంచో నలుగురు పిల్లలు తెలుగులో గుసగుసలాడుకుంటూ ఒక జవాబుకి రావడాన్ని అరగంట సేపు చూపించడానికి పెద్ద ఖర్చేం కాదు. రెండు బల్లలు, ఎనిమిది బజర్లు చాలు. కష్టమల్లా ప్రశ్నలు రాయడమే. ఒక్క వాక్యంలో ఊరిస్తూ, దారి మళ్లిస్తూ, చివరికి న్యాయంగా ముగిసే ప్రశ్న తెలుగులో రాయాలంటే సమస్యలిచ్చే పృచ్ఛకుడికి ఉండేంత భాష ఉండాలి. అలాంటివాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలోనే కొందరుంటారు. ముందు పది ప్రశ్నలు రాసి చూడండి.